పలుపు వేసి కట్టిన మంచం

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా మంచం కింద ఒక చిన్న గోదాము ఉంటోంది. ఒక చేత్తో అంచు పట్టుకుని ఎత్తితే పరుపుతో సహా పైకి లేస్తుంది, వదిలేస్తే అక్కడే నిలబడుతుంది, నొక్కితే బుద్ధిగా దిగుతుంది. ఎవరూ దాన్ని వింతగా చూడరు. ఆ రోజుల్లో అలా కాదు. యాకుత్‌పురా స్టేషనుకు దగ్గర్లో మేమున్న గల్లీలో మంచమంటే నవారుదో ఇనుపదో, దాని కింద రెండు ట్రంకుపెట్టెలు, వాటి వెనక ఎవరిదో తెలియని ఒక పిల్లి. మంచానికి కూడా పలకను పైకెత్తి పట్టే పంపులుంటాయనీ, కొన్నాళ్లకు అవి సత్తువ కోల్పోతాయనీ, వాటి స్థానంలో కొత్తవి ఎంచుకోవడానికి మనిషికి కొంత వివేకం కావాలనీ నేను ఉద్యోగంలో చేరిన తర్వాతే తెలుసుకున్నాను. (వివేకం సంగతి పూర్తిగా తెలుసుకున్నానని ఇప్పటికీ చెప్పలేను.)

మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. తాతల నాటి వాకిలి ఒకటి, దానికి ఒక పక్క మా రెండు గదులు, ఎదురుగా మా పెద్దబాపు వాళ్ల రెండు గదులు, చివర్న బర్రెల కొట్టం, మధ్యలో అందరికీ కలిపి ఒక నల్లా. బాపు, పెద్దబాపు అన్నదమ్ములు వేరుపడినప్పుడు బర్రెల్ని పంచుకున్నారు, గదుల్ని పంచుకున్నారు, నల్లాను మాత్రం పంచుకోలేక ఉమ్మడిగా వదిలేశారు. మా నాయనమ్మ కాలం నాటి పెద్ద ఇత్తడి గుండిగను కూడా ఎవరూ అడగలేదు. పెళ్లికో చావుకో తప్ప దానితో పని ఉండదు, అది పట్టే చోటు ఏ గదిలోనూ లేదు. కొన్నాళ్లు అది వాకిట్లో వానకు తడిసింది, కొన్నాళ్లు కొట్టంలో దాణా మోసింది. చివరికి నేను కొన్న మంచం కడుపులో చేరింది.

మంచం నేను కొన్నది నా జీతంతోనే. కోఠీ వైపు ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు ఎక్కించే పని నాది. మా ఇంట్లో బర్రెల వాసన అంటని ఉద్యోగం అదే మొదటిది కాబట్టి, ఇంట్లో కూడా బర్రెల వాసన అంటని వస్తువు ఒకటి ఉండాలని నాకు పట్టుదల. ట్రాలీ ఆటోలో మంచం దిగిన రోజు గల్లీ అంతా వచ్చి చూసింది. బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్కన అరచేత్తో తట్టి, పైపలక ఎత్తి లోపలికి చూశాడు. అంగట్లో బర్రెను కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు చూడండి, సరిగ్గా అలాగే. చూసి, "మంచిగున్నది గని, మస్తు తింటది గీ మంచం" అన్నాడు. నిజమే, అది చాలా తిన్నది. చద్దర్లు, బొంతలు, స్టీలు డబ్బాలు, అమ్మ పెళ్లినాటి చీరలు, నా కాలేజీ పుస్తకాలు, అన్నిటికన్నా అడుగున పెద్ద గుండిగ.

ఇక్కడ నవ్వు రాని సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

పెద్దబాపుకు ఎప్పటినుంచో ఆయాసం ఉండేది. అమ్మ ఆయనకు మరదలు వరసే అయినా కూతురు తండ్రిని చూసుకున్నట్టు చూసుకునేది, మిరియాల కషాయం కాచి వాకిలి దాటి తీసుకెళ్లేది. అమ్మ తన అన్న కూతురి పెళ్లికని జనగామ దగ్గర ఊరికి వెళ్లినప్పుడు ఆయన ఉన్నట్టుండి పోయాడు. అప్పటికి మా వాళ్లెవరి దగ్గరా సెల్లు లేదు. ఆ ఊళ్లో ఫోనున్న ఇంటికి ఎవరో చేస్తే, అక్కడినుంచి మనిషి నోటిమాటగా కబురు వెళ్లింది. ఒకరి నుంచి ఒకరికి మారేసరికి కబురు మెత్తబడింది. మీ బావకు పానం బాగలేదట, వీలైతే రమ్మన్నారట అని మాత్రమే అమ్మకు చేరింది. అమ్మ తాళికట్టు అయ్యేదాకా ఉండి బయల్దేరింది. ఇంటికి చేరేసరికి శవాన్ని తీసుకెళ్లిపోయారు. పెళ్లిచీరతో, కాళ్లకు పసుపుతో అమ్మ వాకిట్లో అడుగు పెట్టడం నేను చూశాను. ఇంటినిండా జనం. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అమ్మను కిందినుంచి పైదాకా చూసి, పెద్దగా కాదు, మామూలు గొంతుతోనే, "పెండ్లి కూడు తిని వచ్చినవా" అంది.

అంతే. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా మాట లేదు. అమ్మ సంజాయిషీ చెప్పుకోలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషి ముందు తన తప్పు లేదని రుజువు చేసుకోవడం ఏమిటని ఊరుకుంది. ఊరుకోవడం కూడా తప్పయినట్టుంది, అది ఒప్పుకోలులా కనిపించి ఉంటుంది. పెద్దమ్మకున్న ఒక్క కూతురూ పెళ్లయి బహదూర్‌పురాలో ఉండేది. ఎదుటి రెండు గదుల్లో ఆమె ఒక్కతే. ఆమె నల్లా దగ్గరికి వస్తే అమ్మ బిందె పట్టుకుని గుమ్మంలోనే ఆగేది, అమ్మ ఉంటే ఆమె ఆగేది. గిన్నె గిన్నెకు కూర మారే ఇళ్లు రెండూ ఒకదాన్నొకటి చూడనట్టు ఎదురెదురుగా నిలబడిపోయాయి. బాపు ఇద్దరి మధ్యా పాలచెంబు పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు, ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. మేమంతా దాన్ని శాంతి అనుకున్నాం.

ఆ ఏడాదే మంచం పంపులకు జబ్బు చేసింది. మొదట్లో పైపలక ఎత్తితే కాసేపు నిలబడి, ఆలోచించుకుని, కిందికి రావడం మొదలుపెట్టింది. తర్వాత ఆలోచించడం కూడా మానేసింది. అమ్మ దానికి వంటింటి రోకలి ఆసరాగా పెట్టి చద్దర్లు తీసుకునేది. ఒక పొద్దున రోకలి జారింది. పలక పరుపుతో సహా అమ్మ కుడిచేతి మీద పడింది. ఎముక విరగలేదు గానీ మణికట్టు వాచిపోయింది, చేతి గాజులన్నీ పగిలిపోయాయి. అమ్మ నొప్పికి ఏడవలేదు. బాపుకు కనబడకుండా గాజుముక్కలు చీపురుతో ఊడ్చి, ఎడమచేతి గాజుల్లోంచి రెండు తీసి కుడిచేతికి వేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఇంటిల్లిపాదికీ ఆధునికత నేర్పిద్దామని తెచ్చిన మంచం ఇలా చేస్తే పోయే పరువు నాదే కదా. ఎంత గట్టి పంపులు దొరికితే అంత గట్టివి తెచ్చి బిగిస్తానని, ఈ జన్మలో ఆ పలక మళ్లీ కిందికి పడకూడదని నిశ్చయించుకున్నాను. (ఆ నిశ్చయం అక్షరాలా నెరవేరింది.)

పంపు కొనాలంటే పలక బరువెంతో తెలియాలని ఆఫీసులో ఎవరో చెప్పారు. మా ఇంట్లో బరువులు చూసే మనిషి బాపు. ఆయన పలక అంచు కింద భుజం పెట్టి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఎగదోసి, పరుపుతో కలిపి రెండు క్యాన్ల పాలంత ఉంటుందని తీర్పు చెప్పాడు. ఆ తీర్పులో అనుమానానికి తావు లేదు. నేను ఆ రెండు క్యాన్లనే మనసులో పెట్టుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాను.

తలుపుల బందులు, గొళ్లేలు, సొరుగుల చక్రాలు అమ్మే దుకాణాల వరసలో ఒకచోట మంచం పంపులున్నాయన్నారు. దుకాణంలో మెహందీ పెట్టిన గడ్డంతో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆడపిల్ల ఒంటరిగా వచ్చి పంపులు అడగడం ఆయనకు ఎప్పుడూ జరిగి ఉండదు. స్టూలు తుడిచి వేసి, చాయ్ తెప్పించి, ఆ తర్వాత అయిదారు రకాల పంపులు కౌంటరు మీద వరసగా పేర్చాడు. అన్నీ నల్లటి గొట్టాలే, అన్నిటికీ మెరిసే కడ్డీలే. ఒక్కొక్కదాని మీద ఒక్కో అంకె, అంకె పక్కన ఇంగ్లీషు ఎన్ అక్షరం. నేను బీకాం చదివినదాన్ని. ఎన్ అంటే పంపు తోసే బలాన్ని కొలిచే న్యూటన్లని తెలియక నంబరనుకున్నాను. నంబరు పెద్దదైతే నాణ్యం ఎక్కువని కూడా అనుకున్నాను. ఆ పెద్దమనిషి కూడా ఎన్ గురించి నాకంటే ఎక్కువ ఆలోచించినట్టు కనబడలేదు. బరువెంత అని అడిగితే రెండు పాల క్యాన్లని చెప్పాను. రైల్వే స్టేషన్లో దిగే పెద్ద క్యాన్లను తలుచుకుని ఆయన గడ్డం నిమురుకున్నాడు. అది చూసి నేనూ ఆ పెద్ద క్యాన్లనే తలుచుకున్నాను.

"దేఖో బేటీ," అన్నాడు చివరికి, "తక్కువ పవర్ తీసుకుంటే చెయ్యి పోతది. ఎక్కువ పవర్ తీసుకుంటే ఏం పోతది? ఏం పోదు."

ఈ తర్కం నా మనసుకు ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. అమ్మ వాచిన మణికట్టు కళ్లముందుంది. ఒక్కో పంపునూ నిలబెట్టి, అరచేత్తో నొక్కి చూడమన్నాడు. మొదటిది దిగింది, వద్దన్నాను. రెండోది కొంచెం దిగింది, అదీ వద్దన్నాను. ఆఖరిదాన్ని రెండు చేతులతో, తర్వాత మోచేతులతో, ఆ తర్వాత దుపట్టా నడుముకు కట్టుకుని ఒళ్లంతా వేసి నొక్కాను. వెంట్రుకవాసి కదల్లేదు. ఎంతో సంతృప్తిగా అదే కట్టమన్నాను. పంపు పని దిగడం కూడా అని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఆదివారం బాపు, నేను కలిసి వాటిని బిగించాం. పలకను పూర్తిగా ఎత్తిపెట్టి బిగిస్తాం కాబట్టి బిగించడం సులభంగానే అయింది. బాపు స్క్రూలు తుడిచి, ఇక దించమన్నాడు. నేను నొక్కాను. బాపు నొక్కాడు. అమ్మ మంచి చేత్తో నొక్కింది. పలక మావైపు చూడనైనా చూడలేదు. ముగ్గురం ఒకేసారి దాని మీద పడితే భారంగా దిగింది. దిగింది కదా అని లేచాం. అది కూడా లేచింది. తొందరేమీ లేకుండా, పొద్దుటిపూట కొట్టంలో ముసలి బర్రె లేచినట్టు, ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, తర్వాత పూర్తిగా. బాపు కాసేపు దాన్ని చూసి, నాతో నెమ్మదిగా, తాను చెప్పింది ఇంటింటికీ సైకిలు మీద వేసుకెళ్లే చిన్న క్యాన్ల సంగతని అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తిరిగి మార్చుకురావాలంటే నాకు మళ్లీ సెలవు దొరకాలి. అందాకా బాపు తనకు తెలిసిన ఉపాయం చేశాడు. కొట్టంలోంచి ఒక పాత పలుపు తెచ్చాడు. ముగ్గురం పలక మీద కూర్చున్నాక, తాను కూర్చున్నచోటి నుంచే కిందికి వంగి, పలక చివరి కొక్కేనికీ మంచం కోడుకూ కలిపి బర్రెను కట్టేసినట్టే కట్టేశాడు. ఆ రాత్రి నుంచి మా మంచం కట్టేసి ఉన్న మంచం. పక్కింటివాళ్లు వచ్చి చూసి, మీ మంచం పాలిస్తదా అని అడిగి వెళ్లారు. నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు గల్లీ మలుపు దాకా తల వంచుకునే నడిచేదాన్ని.

కొన్నాళ్లు గడిచాయి. పెద్దబాపు పోయి ఏడాది కావస్తోంది. ఏడాది కార్యానికి చుట్టాలందరికీ వంట చేయాలి, అంత వంటకు పెద్ద గుండిగ తప్ప మరోటి చాలదు. ఆ గుండిగ మా మంచంలో ఉంది. పెద్దమ్మ అడగదని మాకు తెలుసు. అడగడానికి బదులు ఎక్కడినుంచో కిరాయికి తెచ్చుకుంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, బాపు మాదన్నపేట వైపు పని మీద వెళ్లినప్పుడు, అమ్మ నన్ను పిలిచి మంచం విప్పమంది. గుండిగను తీసి, చింతపండుతో తోమి, వాకిట్లో నల్లా పక్కన బోర్లించి పెడదామంది. కావాలంటే ఆమే తీసుకుంటుంది, మనం ఏమీ అననక్కర్లేదు అంది. మళ్లీ మూయడం ఎలా అని అడిగాను. బాపు వచ్చాక చూద్దామంది. ఆ సంగతి ఆమె అసలు ఆలోచించలేదని గొంతులోనే తెలిసిపోయింది.

ముడి విప్పగానే పలక లేచింది. బొంతలు, డబ్బాలు అన్నీ బయట పడేసి, ఇద్దరం అడుగునుంచి గుండిగను పైకి లాగాం. దాన్ని నేల మీద పెట్టేసరికి ఆ ముందు గదిలో నిలబడడానికి కూడా చోటు లేదు. మధ్యలో మంచం నోరు తెరుచుకుని ఉంది, వీధి తలుపూ వాకిలి తలుపూ బార్లా తెరిచి ఉన్నాయి, బట్టలన్నీ చిందరవందర. ఎవరైనా వస్తే పరువు పోతుందని నేనే మొండికేశాను. ఇద్దరం కలిస్తే దిగుతుందేమో చూద్దామని పలక అంచు పట్టుకుని వేలాడాను. అప్పట్లో నేను మరీ సన్నం. నా కాళ్లు నేలకు అందలేదు, పలక నా బరువును లెక్కలోకి తీసుకోలేదు. అమ్మ ఎడమచేత్తో నా నడుము పట్టుకుని కిందికి లాగుతోంది. అలా వేలాడుతూ తల తిప్పితే వాకిలి తలుపులోంచి నల్లా కనిపించింది. నల్లా దగ్గర పెద్దమ్మ. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి, ఆమె నల్లా కట్టకుండా మమ్మల్నే చూస్తోంది.

నేను దిగుదామంటే అమ్మ నా నడుము వదలడం లేదు. పెద్దమ్మ నల్లా కట్టింది. కొంగు బొడ్లో దోపింది. వాకిలి దాటి, మా గడప దాటి లోపలికి వచ్చింది. ఏడాదిగా ఆమె దాటని గడప. మా పెద్దమ్మ ఆజానుబాహువు, పచ్చిగడ్డి మోపు ఒంటిచేత్తో ఎత్తి పారేసే మనిషి. నా పక్కన పలక అంచు పట్టుకుని కిందికి వంచింది. పలక దిగింది. వెనక్కి తిరిగి దాని మీద కూర్చుంది. నేను మాత్రం అంచుకు వేలాడిన చేతులతో అలాగే నేల మీద చతికిలబడి ఉన్నాను.

కానీ ఒక పక్కనే బరువు పడేసరికి రెండో మూల ఇంకా ఎత్తుగానే ఉంది. కొక్కెం కోడుకు అందడం లేదు. అమ్మ ఒక క్షణం నిలబడి, ఇక గతిలేక, ఆ రెండో మూలన కూర్చుంది. అప్పుడు పలక సమంగా దిగింది. ఇప్పుడు వాళ్లిద్దరూ లేస్తే మంచం లేస్తుంది. అమ్మ చెయ్యి ఇంకా ముడి వేసే స్థితిలో లేదు కాబట్టి ఆ పని నాది, నాకు పలుపు ముడి రాదు. పాల ఇంట్లో పుట్టి పెరిగి బర్రెను కట్టేయడం నేర్చుకోని పిల్లను నేను. పలుపు పట్టుకుని మంచం పక్కకు దూరాను. పైన తోటికోడళ్లిద్దరూ చెరో మూల, చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నేలమీద నుంచి చూస్తే నాకు వాళ్ల పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మంచానికి పలుపేంది" అంది పెద్దమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు.

"లేస్తుంటది" అంది అమ్మ.

నేను ఒక ముడి వేశాను, అది జారింది. ఇంకొకటి వేశాను. పెద్దమ్మకు ఎదురుగా నేల మీద గుండిగ ఉంది. ఆమె దాన్ని చూడకుండా ఉండలేదు.

"దాన్నెందుకు తీసిన్రు?"

"బావ ఏడాది కదక్కా. నీకు కావాలె."

"నేను అడగలే కద."

"నువ్వు అడగవని ఎరుకే. అందుకే తీసిన."

పెద్దమ్మ పాదం ఒకటి నేల మీద ముందుకూ వెనక్కూ రాసుకుంటోంది. ఆమె గొంతు ఈసారి వేరుగా వచ్చింది, గడ్డి మోపులు ఎత్తే మనిషి గొంతులా లేదు. "ఆ దినం నువ్వు రాలేకపోతివి" అంది.

అమ్మ ఏడాది పాటు లోపల దాచుకున్నది అప్పుడు చెప్పింది. నెమ్మదిగా చెప్పింది, తనను తాను వెనకేసుకొచ్చినట్టు కాదు. "పానం బాగలేదని చెప్పిన్రు అక్కా. పోయిండని చెప్పలే. చెప్తే నేను తాళి కట్టేదాక ఆగుతుంటినా? బస్సుల కూసోని, పోంగనే మిరియాలు దంచాలె, కషాయం పెట్టాలె అనుకుంట వచ్చిన. గల్లీల కాలువెట్టేదాక గదే అనుకున్న."

నా చేతిలో పలుపు ఆగిపోయింది. పైన ఏడుపు వినబడలేదు, కానీ మంచం పలక సన్నగా వణుకుతోంది. అది ఎవరి వణుకో కిందినుంచి తెలియలేదు.

"నాకు ఎరుకే," అంది పెద్దమ్మ. "మీ ఆయన అప్పుడే చెప్పిండు. నీ తప్పు లేదని గప్పుడే ఎరుకైంది. గని ఎవరినన్న తిట్టాలె కదనే. పోయినోణ్ని తిట్టలేను. దేవుణ్ని తిడితే నా బిడ్డకు తగుల్తదని బుగులు. నువ్వొక్కదానివే దొరికినవు. తిట్టినంక మళ్ల ఎట్ల మాట్లాడాల్నో తెల్వలే."

అమ్మ, "నన్ను కాకుంటె ఎవల్ని తిడ్తవక్కా" అంది.

పాదాలు రెండు జతలూ మెల్లగా ఒకవైపు తిరిగాయి. నేను మంచం కోడు పక్కనే నేల మీద ఉన్నాను. ముడి ఎప్పుడో పడింది, లాగి కూడా చూసుకున్నాను, గట్టిగానే ఉంది. అయినా అయిందని చెప్పలేదు. చెబితే వాళ్లు లేవాల్సి వస్తుంది. నడుం పట్టేసినా, తుమ్ము వస్తున్నా, దుపట్టా నోట్లో కుక్కుకుని అలాగే వంగి కూర్చున్నాను. పైన వాళ్లు పెద్దబాపు సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఆయనకు కషాయంలో బెల్లం వేస్తే కోపమనీ, వేయకపోయినా కోపమేననీ పెద్దమ్మ అంటే అమ్మ నవ్వింది. ఏడ్చిన తర్వాత వచ్చే నవ్వు అది, ముక్కుతో నవ్వేది. చివరికి పెద్దమ్మే కిందికి వంగి నన్ను చూసి, "ఏంది బిడ్డా, ముడేస్తున్నవా, పలుపు పేనుతున్నవా" అని అడిగింది.

గుండిగను వాళ్లిద్దరే వాకిట్లోకి మోసుకెళ్లారు, చెరో చెవి పట్టుకుని. అమ్మ చేతికి నొప్పి అవుతుందని పెద్దమ్మ బరువంతా తనవైపే వంచుకుంది. అది గమనించి అమ్మ తనవైపు లాక్కోబోయింది. గుండిగ గడపకు తగిలి గణగణమంది, దాని మీద చిన్న మాటామాటా అయింది. కొట్టంలో బర్రెలకు నీళ్లు పెట్టడానికి బాపు వచ్చేసరికి ఇద్దరూ నల్లా దగ్గర కూర్చుని చింతపండుతో దాన్ని తోముతున్నారు. బాపు గుమ్మంలో ఆగిపోయాడు. నావైపు చూశాడు. నేను మంచం వైపు చూపించాను. ఆయన పలుపు ముడిని వంగి చూసి, అది బర్రెకు వేసే ముడి కాదని, అయినా పర్వాలేదని అన్నాడు. ఆ తర్వాత సైకిలు మీద క్యాను పెట్టుకుంటూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎండకు చెమట అనుకోమని నాకు చెప్పే అవసరం కూడా లేకుండా తొందరగా వెళ్లిపోయాడు.

ఏడాది కార్యం సక్రమంగా జరిగింది. ఆ రోజు వంట దగ్గర అమ్మ, వడ్డన దగ్గర పెద్దమ్మ. నాకు సెలవు దొరికాక పంపుల్ని తీసుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాను. దుకాణం పెద్దమనిషి నన్ను గుర్తుపట్టాడు. జరిగిందంతా (మంచం వరకే) చెబితే కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వి, ఏ క్యాను అని తానే అడగాల్సిందని నొచ్చుకుని, చాయ్ తెప్పించాడు. ఈసారి ఇద్దరం మధ్యరకం పంపుల్ని నొక్కి నొక్కి, దిగడాన్ని కూడా చూసి తీసుకున్నాం. కొత్త పంపులతో పలక ఎత్తితే లేచేది, నొక్కితే దిగేది, అమ్మ ఒక్కచేత్తో మూసేది. గల్లీలో మా మంచం గురించి మాట్లాడుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు ఊరికి ఇంకో చివర ఉంటున్నాను. బాపు పోయాడు. బర్రెలు పోయాయి, కొట్టం స్థానంలో ఎవరివో మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు. అమ్మ, పెద్దమ్మ మాత్రం అక్కడే ఉన్నారు. ఎంత చెప్పినా ఇద్దరూ కదలరు. పెద్దమ్మకు చెవులు సరిగా వినబడవు, అమ్మకు ఓపిక తగ్గింది. కాబట్టి పొద్దున లేచింది మొదలు వాళ్లు పోట్లాడుకుంటూనే ఉంటారు. కూరలో కారం గురించి, నల్లా నీళ్ల గురించి, ఎప్పుడో చనిపోయిన చుట్టాల వయసుల గురించి. నేను ఫోన్ చేస్తే అమ్మ నాతో రెండు మాటలు మాట్లాడి, మధ్యలో ఫోను చేత్తో పట్టుకునే పెద్దమ్మకు జవాబు చెబుతుంది. ఆ లొల్లి గల్లీ చివరిదాకా వినబడుతుందని పక్కింటివాళ్లు నాకు ఫిర్యాదు కూడా చేశారు. చెబుతాను లెండి అంటాను. చెప్పను.

నిండా ఇరవై రెండేళ్లు కూడా లేని అప్పటి నన్ను, ఆ పిల్లను, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది. ఇంట్లో మాటలు వినబడకపోతే అంతా సర్దుకున్నట్టేనని నమ్మింది. మంచి నంబరు చూసి ఎంచుకుంటే ఏదీ ఎవరి మీదా పడదని నమ్మింది. మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్లున్నాయి, వెళ్లి చెప్పే దారి లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. అంత నమ్మకంగా దుపట్టా నడుముకు చుట్టుకుని నిలబడిన పిల్లను మళ్లీ ఎక్కడ చూస్తాను? అందుకని ఫోన్లో అమ్మ నన్ను మరిచిపోయి పెద్దమ్మతో వాదనలో పడిపోయినప్పుడు నేను పెట్టేయను. చెవి దగ్గర పెట్టుకుని, ఇద్దరిలో ఎవరు నెగ్గుతారా అని వింటూ కూర్చుంటాను.